తాళం ఎవరి దగ్గరుంది బావూ?

మా రోజుల్లో సంఘం అంటే ఒక గది, ఆ గదిలో ఒక ఇనప బీరువా, ఆ బీరువాకి రెండు తాళాలు. ఒక తాళంచెవి కార్యదర్శి దగ్గర, రెండోది కోశాధికారి దగ్గర. ఇద్దరూ వస్తేనే బీరువా తెరుచుకునేది. లోపల మినిట్స్ పుస్తకం, నగదు పుస్తకం, రసీదు పుస్తకాలు, రబ్బరు స్టాంపు, రిజిస్ట్రేషన్ కాగితం. కార్యవర్గం మారిన రోజున పాత కార్యదర్శి ఒక్కొక్కటీ లెక్కపెట్టి కొత్తాయనకి అప్పగించేవాడు. అప్పగించినట్టు కాగితం రాసుకుని ఇద్దరూ సంతకాలు చేసి, సాక్షుల చేత చేయించి, ఆ కాగితాన్నీ బీరువాలోనే పెట్టేవారు. వాడేసిన రసీదు పుస్తకాల అడుగు చీటీలు కూడా లెక్కలోకి వచ్చేవి. ఒక్క పుస్తకం తగ్గినా అది దొరికేదాకా కొత్తాయన సంతకం పెట్టేవాడు కాదు. సోంపేటలో గాని, కంచిలిలో గాని, బారువలో గాని, కవిటి వైపు కొబ్బరి తోటల మధ్య పల్లెల్లో గాని, గ్రంథాలయం పెట్టినా, యువజన సంఘం పెట్టినా, గుడి కమిటీ వేసినా పద్ధతి ఇదే.

ఇప్పుడు సంఘానికి గది లేకపోయినా వెబ్‌సైటు ఉంటోంది. ఉండాలి కూడా. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుర్రాళ్లు సూరత్‌లో ఉన్నారు, ముంబైలో ఉన్నారు, అండమాన్‌లో ఉన్నారు, గల్ఫ్‌లో వెల్డింగు పనుల్లో ఉన్నారు. ఊళ్లో సంఘం ఏం చేస్తోందో వాళ్లకి తెలియాలన్నా, వాళ్లు పంపిన ఐదొందలు ఎటు పోయాయో కళ్లబడాలన్నా గోడమీది నోటీసు బోర్డు చాలదు. కాబట్టి వెబ్‌సైటుతో నాకు పేచీ లేదు. గదికి తాళం వేసి రెండు చేతుల్లో పెట్టినవాళ్లం, ఈ వెబ్‌సైటు తాళం ఎవరి చేతిలో ఉందో అడగడం మానేశామే, దానితోనే నా పేచీ.

మా చిన్న సంఘానికి నేను చాలా ఏళ్లు కార్యదర్శిగా ఉన్నాను. గ్రంథాలయం నడపడం, పేద పిల్లలకి పుస్తకాలు కొనివ్వడం, తుపాను వస్తే బియ్యం, టార్పాలిన్లు పంచడం, ఇదీ మా పని. ఇప్పుడు మామూలు సభ్యుణ్ణి. ఈ మధ్య సర్వసభ్య సమావేశంలో లేచి అడిగాను, మన వెబ్‌సైటు ఎవరి పేరున రిజిస్టరై ఉందని. ఇప్పటి కార్యదర్శి చురుకైన కుర్రాడు, పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తాడు.

“మాస్టారూ, అది క్లౌడులో ఉంటాది. దానికి బీరువా ఏటి, తాళం ఏటి?” అన్నాడు.

“క్లౌడయినా అది ఎక్కడో ఎవరిదో కంప్యూటరే కద బావూ. ఆ కంప్యూటరు ఎవరి మాట వింటాది? నీ మాటా, నా మాటా?”

సమాధానం ఎవరి దగ్గరా లేదు. కూపీ లాగితే తేలింది. వెనకటి కార్యదర్శి ఒకాయన తన పెదనాన్నగారి మనవడి చేత సైటు చిరునామాని, అంటే డొమైన్ పేరుని, కొనిపించాడు. కుర్రాడప్పుడు ఇంజినీరింగు చదువుతున్నాడు. వాడి జీమెయిలు, వాడి ఫోను నంబరు, వాడి స్నేహితుడి డెబిట్ కార్డు. సైటు తయారుచేసిందీ వాడే, పైసా తీసుకోకుండా, మంచి మనసుతో. చదువయ్యాక కతార్ వెళ్లాడు. ఇక్కడి సిమ్ముకి రీచార్జి ఆగింది. మన దేశంలో 90 రోజులు వాడకం లేని నంబరుని కంపెనీ రద్దు చేయవచ్చు, ఆ తర్వాత కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అంటే మా సంఘం సైటులోకి వెళ్లడానికి రావాల్సిన ఓటీపీ, మాకు ముక్కూ మొహం తెలియని మనిషి ఫోనులో మోగుతుంది.

డొమైన్ పేరు అమ్మిన కంపెనీ గడువు గురించి చెప్పలేదా అని అడిగారు కొందరు. .కామ్ లాంటి పేర్ల విషయంలో గడువుకి ఇంచుమించు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, గడువు దాటిన ఐదు రోజుల్లో ఇంకొకటి హెచ్చరిక పంపి తీరాలని ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ నియమం పెట్టింది. ఆ ఉత్తరాలు వెళ్లేది పేరు ఎవరి మీద ఉందో వాళ్ల మెయిలుకే. కుర్రాడు ఆ మెయిలు చూడడం మానేసి ఎన్నాళ్లయిందో. గడువు దాటినా పేరు ఆ పూటే పోదు. మామూలుగా కొన్ని వారాలపాటు ఎప్పటి ధరకే మళ్లీ కట్టుకోవచ్చు. ఆ తర్వాత 30 రోజులు అపరాధ రుసుము కట్టి విడిపించుకోవచ్చు. చివరి ఐదు రోజులు ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. ఆ పైన ఎవరు ముందు కొంటే వాళ్లది. ఇంత వ్యవధి ఉండి కూడా సంఘంలో ఒక్కరూ అటు తొంగి చూడలేదు. ఇప్పుడు మా పేరు కొడితే, పుస్తకాల బీరువాల ఫొటో ఉండాల్సిన చోట రమ్మీ ముక్కలు కనిపిస్తున్నాయి. గ్రంథాలయం గోడమీద ఎర్ర రంగుతో రాయించిన చిరునామా మాత్రం అలాగే ఉంది. అది చూసి బడిపిల్లలు ఫోనులో కొడుతున్నారు. ఆ గోడకి సున్నం వేయించమని వెంటనే చెప్పాను.

రమ్మీ ముక్కల కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది, అది చాలామందికి తట్టదు. డొమైన్ పేరు ఎవరిదైతే ఆ పేరుమీద వచ్చే ఉత్తరాలూ వాళ్లవే. కార్యదర్శి అనో, కోశాధికారి అనో ఆ పేరుతో మెయిలు పెట్టుకుని, దానితో ఇంకో పది చోట్ల ఖాతాలు తెరిచి ఉంటే, పేరు కొన్నవాడు ఆ మెయిలు చిరునామాలు మళ్లీ సృష్టించుకుని, పాస్‌వర్డు మరిచిపోయాను అని నొక్కి, ఒక్కొక్క ఖాతాలోకీ దర్జాగా నడిచి వెళ్లగలడు. ఇందులో దొంగతనం కూడా అక్కర్లేదు. మనం వదిలేశాం, వాడు కొనుక్కున్నాడు. పేరుకి ఎంత విలువుందో బ్యాంకుల్ని చూస్తే తెలుస్తుంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా .బ్యాంక్.ఇన్ చిరునామాలకి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే పని హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే అప్పగించింది. అంత పెద్ద బ్యాంకులే పేరు దగ్గర జాగ్రత్తపడుతుంటే చిన్న సంఘానికి ఎందుకులే అనుకుంటే ఎలా? పెద్ద బ్యాంకుకి పేరు పోతే వకీళ్లున్నారు. మనకి ఎవరున్నారు?

కుర్రాణ్ణి నేను ఒక్క మాట అనను. చదువుకుంటూ ఊరి కోసం రాత్రిళ్లు కూర్చుని చేశాడు. తప్పంతా పెద్దవాళ్లది. గది అద్దె చీటీ సంఘం పేరున ఉండాలని పట్టుబట్టినవాళ్లు, కరెంటు మీటరు సంఘం పేరున మార్పించడానికి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లు, డొమైన్ దగ్గరికొచ్చేసరికి మాకు తెలియదు, కుర్రాళ్లు చూసుకుంటారు అని చేతులు దులిపేసుకున్నారు. తెలియకపోవడం తప్పు కాదు. ఎవరి పేరున ఉంది అని అడగడానికి కంప్యూటరు తెలియనక్కర్లేదు కదా.

ఇక హోస్టింగు, అంటే సైటుని ఉంచే అద్దె చోటు. ఏడాదికి ఎక్కడ తక్కువకి దొరికితే అక్కడ తీసుకుంటున్నారు. ఆ చవక హోస్టింగులో ఒకే సర్వరు మీద వందల సైట్లు ఉంటాయి. మా చిన్నతనంలో ఉద్దానం పల్లెల్లో పూరిళ్లు బారుగా, చూరుకి చూరు ఆనించి ఉండేవి. ఒక ఇంటి పొయ్యిలో నిప్పురవ్వ ఎగిస్తే వరసంతా బూడిదయ్యేది. ఇదీ అంతే. మంచి కంపెనీ అయితే ఖాతాకీ ఖాతాకీ మధ్య గట్టి గోడలు కడుతుంది, రోజూ నకలు తీసి ఉంచుతుంది, ఫోను చేస్తే మనిషి పలుకుతాడు. ఈ మూడు సంగతులూ కొనేముందే అడగాలి. మనవాళ్లు అడిగేది ఒక్కటే, డిస్కౌంటెంత అని. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోతారు, రెన్యువల్ ధర ఎంతో కిందన చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవరు.

గోడలు కంపెనీ కట్టినా, మన ఖాతాలో మనమే పెట్టుకునే నిప్పు ఇంకోటి. ఒకే ఖాతాలో సంఘం సైటు, దాని పక్కనే స్నేహితుడి పెళ్లికి చేసిన సైటు, మొదలెట్టి వదిలేసిన కొబ్బరి వ్యాపారం సైటు. వదిలేసిన సైటుని ఎవరూ పట్టించుకోరు కనక అందులోంచే దూరుతారు, దూరి సంఘం సైటులో చేరతారు. ప్రపంచంలో వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. వర్డ్‌ప్రెస్ చెడ్డది కాదు. దానికి తగిలించే ప్లగిన్లే ఎక్కువగా చిల్లులు. ఫొటోలు కదలడానికొకటి, పండగ శుభాకాంక్షలు రాలడానికొకటి, ఎంతమంది చూశారో లెక్కకొకటి. తగిలించినవాడు వెళ్లిపోతాడు, వాటికి మరమ్మతులు చేసేవాడుండడు. డబ్బిచ్చి కొనాల్సిన థీమ్ ఎక్కడో ఉచితంగా దొరికిందని దింపుకుంటారు. ఉచితంగా ఇచ్చినవాడు అందులో తనకో దొడ్డిదారి అట్టేపెట్టుకునే ఇస్తాడు. పొద్దున్న లేచి చూస్తే గూగుల్‌లో మన గుడి కమిటీ పేరు కింద జపాను అక్షరాలు, నకిలీ చెప్పుల దుకాణాలు.

మరమ్మతు ఆలస్యమైతే ఏమవుతుందో మన జిల్లా కళ్లారా చూసింది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకి తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే విప్పుతానంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లే దానికి చిక్కాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం జిల్లా కూడా ఆ వరసలో ఉంది. ఆ పురుగు దూరిన చిల్లుని పూడ్చే అప్‌డేటుని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14నే విడుదల చేసింది. మందు దుకాణంలోనే ఉంది, తెచ్చి వేసినవాడు లేడు. పోలీసువారి పరిస్థితే అదయితే, నెలకోసారి కూడా లోపలికి వెళ్లి చూడని మన సంఘం సైటు ఏ గతిన ఉంటుందో ఆలోచించండి.

అందుకే నేను ఒకటి గట్టిగా చెబుతాను, కుర్రాళ్లకి నచ్చకపోయినా సరే. చిన్న సంఘానికి అంత ఆర్భాటం అక్కర్లేదు. మేమెవరం, ఏం చేస్తున్నాం, ఈ ఏటి లెక్కలు, మమ్మల్ని కలవాలంటే ఎక్కడికి రావాలి. నాలుగు పేజీలు. వాటిని డేటాబేసులూ ప్లగిన్లూ లేకుండా సాదా పేజీలుగా రాసి పెడితే అక్కడ దూరడానికి కంతలే తక్కువ. అలాంటి సాదా సైట్లని ఉచితంగా ఉంచే గిట్‌హబ్ పేజెస్ వంటి చోట్లున్నాయి. రాసే కుర్రాడు ఊళ్లో లేకపోతే నెలల తరబడి ముట్టుకోకపోయినా అవి పాడవవు. వెబ్‌సైటు అందంగా ఉందని మెచ్చుకునేవాళ్లు సంఘానికి చందా ఇవ్వరు. లెక్క కనబడిందని ఇస్తారు.

ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ కొనమని, లేకపోతే సైటు సురక్షితం కాదని ఏడాదికి వేలు వసూలు చేసేవాళ్లున్నారు. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తోంది, మంచి హోస్టింగు కంపెనీలు దాన్ని తామే అమర్చిపెడతాయి. అది ఉండాల్సిందే. దారిలో మన మాట ఎవరూ వినకుండా కాపాడుతుంది. సైటు నడిపేవాడు మంచివాడని మాత్రం అది చెప్పదు. మా పేరు కొనుక్కున్న రమ్మీవాడి సైటుకీ అది ఉంది.

నకళ్ల సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో, కరెంటు ఎన్నాళ్లు లేదో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా గది రేకులు లేచిపోయాయి. వాన నీరు బీరువాలోకి దిగింది. మినిట్స్ పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఆకుకీ ఆకుకీ మధ్య పాత దినపత్రిక ముక్క పెట్టి, పైన రాయి పెట్టి, ఎండ వచ్చినప్పుడల్లా అరుగుమీద ఆరబెట్టాం. పెన్ను సిరాతో రాసిన పేజీలు అలుక్కుపోయాయి, బాల్‌పెన్నువి నిలిచాయి. పోయిన పేజీలకి కోశాధికారి ఇంట్లో ఉన్న రెండో ప్రతి అక్కరకొచ్చింది. ఆడిట్ అయిన లెక్కల ప్రతులు ఎటూ శ్రీకాకుళంలో రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నాయి. మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరవతల. ఇవాళ కంప్యూటరు నిపుణులు బ్యాకప్ గురించి చెప్పే సూత్రం ఇంచుమించు ఇదే. మాకు దాన్ని ఎవరూ నేర్పలేదు, సముద్రం పక్కన బతికేవాళ్లకి దానంతటదే అలవాటైంది.

మరి వెబ్‌సైటుకి నకలుందా అంటే, కంపెనీ దగ్గర ఉంటుందిలెండి అంటారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగు కంపెనీ డేటా సెంటరు తగలబడింది. ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. 36 లక్షల వెబ్‌సైట్లు నిలిచిపోయాయని నెట్‌క్రాఫ్ట్ లెక్కగట్టింది. కొందరి నకళ్లు కూడా అక్కడే ఉండడంతో అసలూ నకలూ కలిసి పోయాయి. యూరప్‌లోని పెద్ద కంపెనీల్లో ఒకదానికే అలా జరిగింది. నెలకోసారి సైటు మొత్తం దింపి ఒక పెన్ డ్రైవులో వేసి కార్యదర్శి ఇంట, ఇంకోటి ఊరవతల ఉన్న సభ్యుడి ఇంట ఉంచడానికి ఎంత ఖర్చు? దింపడమే కాదు, ఏడాదికోసారైనా దాన్ని తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు నకలు కాదు.

కాగితం విలువ తెలియని ఊరయితే నేనింత మాట్లాడను. సోంపేట దగ్గరి బీల నేలల్లో థర్మల్ కేంద్రం కడతామని వచ్చినప్పుడు అది పనికిరాని భూమి అన్నారు. కాదు, ఏడాది పొడుగునా నీళ్లుండే నేల, పంటకీ చేపకీ ఆధారం అని ఇక్కడివాళ్లు రోడ్డెక్కి చెప్పారు, కాగితాలు పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లి చెప్పారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అప్పటి కరపత్రాలు, వినతిపత్రాలు, ఫొటోలు ఇప్పటికీ ఎన్నో ఇళ్లల్లో అటకల మీద ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి వెబ్‌సైటులో పెడదామంటున్నారు పిల్లలు. మంచి ఆలోచన. కానీ అలాంటి చరిత్రని ఏడాది చందా కట్టకపోతే రమ్మీవాడి పాలయ్యే పేరుమీద పెడతారా?

అన్నిటికన్నా నా మనసు కలుక్కుమనిపించేది జాబితాల సంగతి. మా రోజుల్లో తుపాను సాయం జాబితా గ్రంథాలయం గోడకి అంటించేవాళ్లం. పేరు, వీధి, ఎంత బియ్యం, అంతే. అభ్యంతరాలు వినే గడువు కాగానే చింపేసేవాళ్లం. వేలిముద్రలు, సంతకాలు ఉన్న అసలు పట్టీ బీరువాలో ఉండేది. ఇప్పుడు కుర్రాళ్లు ఎక్సెల్ షీటు ఎత్తి సైటులో పెట్టేస్తున్నారు. అందులో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు, కులం, ఆఖరికి జబ్బు పేరు కూడా. ఎందుకురా అంటే, “పారదర్శకత మాస్టారూ” అంటారు. సంఘం లెక్క పారదర్శకంగా ఉండాలి గాని, సాయం పుచ్చుకున్నవాడి బతుకు ఎందుకుండాలి?

ఈ పొరపాటు చిన్న సంఘాలు సొంతంగా కనిపెట్టింది కాదు, పైనుంచి నేర్చుకున్నదే. 2017 మేలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో ఇంచుమించు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని చెప్పింది. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి, ఒకటి చంద్రన్న బీమాది, ఇంకోటి ఉపాధి హామీ చెల్లింపులది. మరుసటి ఏడాది 2018 ఏప్రిల్లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో 1.34 లక్షల మంది వివరాలు ఆధార్‌తో సహా బయటపడ్డాయి. కులం, మతం వారీగా కూడా వెతుక్కునే వీలుండేదక్కడ. దాన్ని బయటపెట్టింది శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు. ఆధార్ నంబరుని ఇలా బహిరంగంగా ప్రచురించకూడదని 2016 నాటి ఆధార్ చట్టంలోనే ఉంది. ఎవరూ ఆ సైట్ల తాళం పగలగొట్టి ఎత్తుకుపోలేదు. వాకిట్లో ఆరేసి ఉంటే చూశారు.

మన ఉద్దానంలో ఇది ఇంకా సున్నితం. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని తినేసిందో అందరికీ తెలుసు. సోంపేటలో డయాలసిస్ కేంద్రం, పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. మందులకీ దారి ఖర్చులకీ సాయం చేసే చిన్న సంఘాలు చాలా ఉన్నాయి, దండం పెట్టదగ్గ పని చేస్తున్నాయి. కానీ రోగి పేరు, ఊరు, ఫొటో, క్రియాటినిన్ ఎంతో కూడా సైటులో పెడితే ఆ ఇంటి ఆడపిల్లకి రేపు సంబంధం చూసేవాడు ముందు గూగుల్‌లో ఆ ఇంటి పేరు కొడతాడు. ఆ తండ్రి మన దగ్గరికి మందుల కోసం వచ్చాడు, ఊరికి చాటించమని రాలేదు. ఒకసారి ఇంటర్నెట్‌లోకి వెళ్లిన కాగితాన్ని చింపేయడం కుదరదు. మన సైటులోంచి తీసేసినా ఎక్కడో దాని నకలు ఉంటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి. సమాచారాన్ని సరిగా కాపాడకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం అందులో ఉంది. అయితే చట్టానికి భయపడి కాదు, ఆ తండ్రి మొహం చూసి మానండి.

ఇప్పటి రోజుల్లో మంచిని నేను కాదనను. మా రోజుల్లో ముంబైలో ఉన్న సభ్యుడికి వార్షిక నివేదిక అందాలంటే బుక్‌పోస్టులో పంపి వారాలు ఎదురుచూసేవాళ్లం. మా లెక్క పుస్తకం చూడాలంటే మనిషి సోంపేట రావాల్సిందే. ఇవాళ కతార్‌లో క్యాంపులో కూర్చుని కుర్రాడు మన ఖర్చు చూసి, ఈ రసీదు ఏటి మాస్టారూ అని అడగగలడు. ఇలాంటి నిఘా సంఘానికి మా కాలంలో లేదు. పైగా ఇప్పటి తాళాలు మా బీరువా తాళాల కంటే గట్టివి. రెండంచెల తాళం పెట్టుకుంటే పాస్‌వర్డు పోయినా దొంగ లోపలికి రావడం కష్టం. గూగుల్ ఖాతాకి పది బ్యాకప్ కోడ్‌లిస్తారు, ఫోను పోయినా వాటితో లోపలికి వెళ్లొచ్చు. వాటిని అచ్చు తీసి, కవరులో పెట్టి, లక్క సీలు వేసి, దానిమీద ఇద్దరు సంతకాలు పెట్టి దాచుకోవచ్చు. మా కాలపు పద్ధతీ ఈ కాలపు తాళమూ అక్కడ చక్కగా కలుస్తాయి. కాని చేసేవాళ్లేరీ? సంఘం పేరు పక్కన 123 తగిలించి అదే పాస్‌వర్డు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. గ్రూపులోంచి వెళ్లిపోయినవాళ్ల ఫోన్లలో కూడా అది ఉంటుంది కదా.

సైటులో చందాల కోసం పెట్టే క్యూఆర్ కోడ్ మీద కూడా ఓ కన్నుండాలి. లోపలికి దూరినవాడు పేజీలో ఇంకేమీ ముట్టుకోకుండా ఆ ఒక్క బొమ్మ మార్చి పోతే, చందాలు వాడి ఖాతాకి వెళ్తాయి, మనం ఈ నెల ఎవరూ ఇవ్వలేదేమో అనుకుంటాం. వారానికోసారి సభ్యుడొకరు ఒక్క రూపాయి పంపి, సంఘం పాస్‌బుక్కులో పడిందో లేదో చూస్తే చాలు. పడకపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి, సైబర్ మోసాలకి కేంద్రం పెట్టిన నంబరది. మా కోశాధికారి ఉండి ఉంటే ఈ పని రోజూ చేసేవాడు. రసీదు పుస్తకం మీద వేలితో నంబర్లు తడుముతూ లెక్కపెట్టే మనిషి ఆయన.

సోంపేట, కంచిలి, కవిటి, మందస, పలాస, టెక్కలి సంఘాల పెద్దలకి నా మనవి. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఒక అంశం చేర్చండి. డొమైన్ ఎవరి పేరున ఉంది, ఏ మెయిలు మీద ఉంది, ఓటీపీ ఏ నంబరికి వస్తుంది, గడువు ఏ తేదీ, నకలు ఏ ఏ ఇళ్లల్లో ఉంది, సైటులో ఎవరి ఆధార్ నంబరైనా ఉందా. కార్యదర్శి లేచి నిలబడి ఒక్కొక్కటీ చదివి వినిపించాలి. తెలియని చోట తెలియదని చెప్పాలి, తెలుసుకోడానికి తేదీ పెట్టాలి. డొమైన్ సంఘం పేరునే ఉండాలి, సంఘం మెయిలుకి ఇద్దరి దగ్గర తాళం ఉండాలి, రెన్యువల్ సొమ్ము సంఘం ఖాతాలోంచే కట్టి రసీదు ఫైలులో పెట్టాలి. పేరు ఒకేసారి ఐదేళ్లకీ, పదేళ్లకీ కట్టేయవచ్చు కూడా. కార్యవర్గం మారిన రోజున పాస్‌వర్డులు మార్చి, అప్పగించినట్టు కాగితం రాసుకోవాలి. ఇదంతా మినిట్స్‌లో రాయించి, వచ్చిన సభ్యులందరి చేతా సంతకాలు పెట్టించండి.